గెలిచిన ఆటలోనే అసలు పరీక్ష

అందరికీ నమస్కారం.

భగవద్గీత చదువుకునే చోట పేకాట ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. సబబైన సందేహమే. కానీ మన పూర్వులు జూదాన్ని గడప అవతల నిలబెట్టి ధర్మం గురించి మాట్లాడలేదు. ఋగ్వేదం పదో మండలంలోని 34వ సూక్తం మొత్తం ఒక జూదరి గోడు. పాచికలకు చేతులు లేవు, అయినా చేతులున్నవాణ్ని లొంగదీసుకుంటాయి, తాకితే చల్లగానే ఉంటాయి, గుండెను మాత్రం కాల్చేస్తాయి అంటాడతను. భార్య దూరమైంది, అత్తగారు అసహ్యించుకుంటోంది, అయినా కాళ్లు అటే లాగుతున్నాయి. పాచికలు మానుకో, పొలం దున్నుకో అన్నది చివరకు అతనికి దొరికిన ఉపదేశం. ఇక మహాభారతం సంగతి చెప్పనక్కరలేదు. సభాపర్వంలో ఆ పాచికలు దొర్లకపోతే కురుక్షేత్రం లేదు, కురుక్షేత్రం లేకపోతే ఈ రోజు మన చేతుల్లో గీత లేదు.

కాబట్టి జూదానికీ సాధనకూ ఉన్న సంబంధం నేను కొత్తగా కల్పిస్తున్నదేమీ కాదు. దాన్ని పోకర్ అనే ఈ కాలపు పేకాటలో పెట్టి చూద్దామన్నదే నా ప్రయత్నం. ఎవరినీ ఆడమని చెప్పడం లేదని ముందుగానే స్పష్టం చేస్తున్నాను. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. ఫోనులో రమ్మీ ఆడి, అప్పులపాలై, ప్రాణాలు తీసుకున్నవాళ్ల గురించి మన పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో మీకు తెలుసు. ఆ ఇళ్లలో మిగిలినవాళ్ల బాధను పక్కన పెట్టి ఈ ఆట గురించి మాట్లాడటం నాకు చేతకాదు. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి మనసుకు ఏమవుతుందన్నదే నాకు కావలసిన విషయం.

పోకర్‌లో చాలా రకాలున్నాయి. ప్రపంచంలో ఎక్కువమంది ఆడేది టెక్సస్ హోల్డెమ్. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి ఇస్తారు. తర్వాత బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు: మొదట మూడు కలిపి, ఆపైన ఒకటి, చివరగా మరొకటి. ప్రతి విడతలోనూ పందెం పెంచవచ్చు, అవతలివారి పందేనికి సరిపెట్టవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. ఈ తప్పుకోవడాన్నే ఫోల్డ్ అంటారు. బాగా ఆడేవాళ్లు ఎక్కువ ఆటల్లో చేసేది అదే. మూసిన ముక్కలు ప్రారబ్ధమనీ, తెరిచినవి లోకమనీ, పందెం పురుషకారమనీ పోలిక చెప్పేవాళ్లున్నారు. వినడానికి బాగుంటుంది కానీ నాకు దానిమీద పెద్దగా గురి లేదు. మనకు పనికొచ్చే విషయం ఈ ఆట లెక్కలో ఉంది.

నేను గణాంకశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి ఆ దారిలోనే వస్తాను. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. రెండూ ఆసులే కావడం సగటున 221 పంపకాలకు ఒకసారి. హోల్డెమ్‌లో అంతకు మించిన ఆరంభం లేదు. మీకు అవి వచ్చాయి, ఎదుటి మనిషికి రెండు రాజులు వచ్చాయి అనుకోండి. ఇద్దరూ తమ దగ్గరున్నదంతా ఒడ్డారు. నూటికి 80కి పైగా సార్లు మీరే గెలుస్తారు. మిగిలిన సార్లు ఎక్కువగా మధ్యలో మూడో రాజు తెరుచుకుంటుంది, మీ ముందున్నదంతా అవతలికి వెళ్లిపోతుంది. ఆ ఓటమిలో మీ తప్పు ఇసుమంత కూడా లేదు. రేపు మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే పని చేయాలి. వరుసగా రెండుసార్లు అలాగే ఓడినా సరే, మూడోసారీ అదే చేయాలి.

‘కర్మణ్యేవాధికారస్తే’ శ్లోకాన్ని మనం ఎక్కువగా ఓదార్పు కోసమే బయటికి తీస్తుంటాం. అబ్బాయికి సీటు రానప్పుడు, వ్యాపారం దెబ్బతిన్నప్పుడు గుర్తుకొస్తుంది. ఈ బల్ల దగ్గర అదే శ్లోకం కచ్చితమైన లెక్కగా కనిపిస్తుంది. నిర్ణయం మీ చేతిలో ఉంది, తర్వాత తెరుచుకునే ముక్క మీ చేతిలో లేదు. ఆ ముక్కను చూసి నిర్ణయం మంచిదో చెడ్డదో తేల్చడం లెక్క తెలియనివాళ్ల పని. సాధకుడు జీవితమంతా శ్రమించి పట్టుకోవాలని చూసే తేడా ఇదే. పోకర్ ఆటగాడికి అది ఒక సాయంత్రంలోనే పదిసార్లు ఎదురవుతుంది. ఎదురైనంత మాత్రాన ఒంటబట్టదు, అది వేరే సంగతి.

ఎందుకు ఒంటబట్టదో చూద్దాం. న్యాయంగా గెలవాల్సిన ఆట చివరి ముక్కతో పోయినప్పుడు ఆటగాడిలో మొదలయ్యే స్థితికి వాళ్లు పెట్టుకున్న పేరు టిల్ట్. గీత రెండో అధ్యాయంలోని 62, 63 శ్లోకాలు ఆ స్థితిని అడుగడుగునా వర్ణిస్తున్నట్టే ఉంటాయి. పోయిన డబ్బునే మనసు తలుచుకుంటూ ఉంటుంది, ‘ధ్యాయతో విషయాన్ పుంసః’. తలుచుకున్నకొద్దీ దానితో ముడి పడుతుంది. ముడి పడ్డాక అది తిరిగి రావాలన్న కోరిక పుడుతుంది. రాలేదు కాబట్టి కోపం: గెలిచినవాడి మీద, ముక్కలు పంచినవాడి మీద, అదృష్టం మీద. కోపం వెంట సమ్మోహం. దాని తర్వాతి మెట్టు స్మృతివిభ్రమం. ఇక్కడ కాస్త ఆగండి. అంతకుముందు గంట దాకా ఆ మనిషికి లెక్కలన్నీ తెలుసు. ఏ ముక్కలతో ఆడాలో, ఏవి పడేయాలో ఇతరులకు నేర్పగలడు. ఆ తెలివి ఎక్కడికీ పోలేదు, అవసరమైన క్షణంలో అందడం లేదు. పడేయాల్సిన ముక్కల మీద పందెం పెంచుతాడు. చివరి మాట ‘బుద్ధినాశాత్ ప్రణశ్యతి’, బుద్ధి నశించి మనిషే నాశనమవుతాడని. తెల్లవారేసరికి అదీ జరిగిపోతుంది.

ధర్మరాజుకు జరిగింది మరేమిటి? ముత్యాల హారంతో మొదలుపెట్టాడు. బంగారం, రథాలు, గుర్రాలు, ఏనుగులు, రాజ్యం. ప్రతి పందెం తర్వాత శకుని నోట ‘గెలిచాను’ అన్న ఒక్క మాటే. ఆపైన నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తాను, ద్రౌపది. ధర్మం తెలియనివాడా? ఆ సభలో ధర్మసూక్ష్మం అతనికంటే తెలిసినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టదగినంత మంది. పోయినదాన్ని పట్టుకోవడానికి ఇంకా పెద్దది ఒడ్డుతూ పోయాడు. ద్రౌపది కారణంగా ధృతరాష్ట్రుడు అన్నీ తిరిగి ఇచ్చాక, ఇంటిదారిలో ఉండగా మళ్లీ పిలుపు వస్తే మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. పిలిస్తే కాదనకూడదన్న నియమం ఉందని వ్యాఖ్యాతలు సమర్థిస్తారు. ఆ సమర్థన నాకు ఎప్పుడూ సరిపోలేదు. రెండోసారి పిలుపు వినేసరికి అతనిలో కదిలినదేదో ఈ కాలపు ఆటగాళ్లకు బాగా తెలుసు.

ఇంతవరకూ ఓటమి సంగతి. దీన్ని గురించి అందరూ మాట్లాడతారు. నేను ఈ రోజు మీ ముందు పెట్టాలనుకున్నది దీనికి రెండో వైపు.

స్థితప్రజ్ఞుణ్ని వర్ణిస్తూ కృష్ణుడు రెండు లక్షణాలు పక్కపక్కనే చెప్పాడు. ‘దుఃఖేష్వనుద్విగ్నమనాః, సుఖేషు విగతస్పృహః’, అంటే దుఃఖంలో కలత పడని మనసు, సుఖం మీద ఆశ లేకపోవడం. మొదటిదాని మీద మనం గంటలకొద్దీ ఉపన్యాసాలు వింటాం. రెండోదాన్ని చదివి దాటిపోతాం, సుఖాన్ని తట్టుకోవడానికి సాధన ఎందుకన్నట్టు. ఓడినవాడికి కనీసం నొప్పి ఉంటుంది, ఎక్కడో తేడా జరిగిందని ఆ నొప్పి చెబుతుంది. గెలిచినవాడికి చెప్పేవాళ్లెవరు?

ఒకడి దగ్గర నాలుగు ఇస్పేటు ముక్కలు కుదిరాయి, అయిదోది వస్తే గెలుపు. ఇంకా తెరవాల్సింది ఒక్క ముక్కే. అది ఇస్పేటు అయ్యే అవకాశం నూటికి 20 కూడా లేదు. మిగిలినదంతా ఒడ్డాడు, ఇస్పేటు పడింది. బల్ల మీద కుప్పంతా అతనిదే. చుట్టూ ఉన్నవాళ్లు భుజం తట్టారు. అతను చేసింది తప్పుడు పని. అయినా చేతికి డబ్బు వచ్చింది కాబట్టి అది తప్పన్న ఆలోచన అతని దరిదాపుల్లోకి రాదు. వచ్చే వారం అదే పని చేస్తాడు, ధైర్యమని పేరు పెట్టుకుంటాడు. ఓటమి తెచ్చే టిల్ట్ ముఖంలో కనిపిస్తుంది, పక్కవాళ్లు ‘ఇక లేవయ్యా’ అని చెప్పగలరు. గెలుపు తెచ్చేది ఆత్మవిశ్వాసంలా కనిపిస్తుంది. అందుకే నిజంగా పైకి రావాలనుకునే ఆటగాళ్లు తాము ఆడిన ఆటలు రాసిపెట్టుకుని, తర్వాత తీరిగ్గా తిరగేస్తారు. ఓడినవాటిని తిరగేయడం ఎవరైనా చేస్తారు. గెలిచిన ఆటను ముందు పెట్టుకుని, ఇక్కడ నేను చేసింది సరైనదేనా, ఊరికే కలిసొచ్చిందా అని అడగగలిగేవాళ్లు చాలా తక్కువ.

మన సాధనలో ఇది ఎలా ఉంటుందో చూడండి. మొక్కుకున్నాం, పని జరిగింది, అంటే నా భక్తికి ఫలితం. మొక్కుకున్నాం, జరగలేదు, అంటే దేవుడు పరీక్షిస్తున్నాడు. రెండు దారుల్లోనూ నా భక్తి ఎంత, అందులో బేరం ఎంత అన్న ప్రశ్న మాత్రం పుట్టలేదు. ధ్యానంలో ఒక రోజు మనసు హాయిగా నిలుస్తుంది. లేవగానే ‘ఈ రోజు బాగా కుదిరింది’ అనుకుంటాం. మర్నాడు కళ్లు మూసుకునేది ధ్యానానికి కాదు, నిన్నటి హాయి కోసం. అది రాకపోతే విసుగు. విగతస్పృహుడు కావడానికి కూర్చున్నవాడు కొత్త స్పృహ ఒకటి సంపాదించుకుని లేచాడు. నలుగురు గౌరవించడం మొదలుపెట్టిన సాధకుడి పరిస్థితి ఇంకా కష్టం. గెలుపు మీద గెలుపు వస్తుంటే లోపలికి చూడవలసిన అవసరమే కనిపించదు. పెద్ద పేరు సంపాదించిన తర్వాత పడిపోయిన గురువుల కథలు మనందరికీ తెలుసు. వాళ్లు కష్టకాలంలో పడలేదు.

పోకర్ చరిత్రలో ఈ విషయాన్ని నాకు బాగా పట్టించిన మనిషి స్టూ అంగర్. జిన్ రమ్మీ అనే పేకాటలో అతనితో కూర్చోవడానికి చివరకు ఎవరూ ఒప్పుకోనంత ప్రతిభ అతనిది. ఆ తర్వాత పోకర్‌కు వచ్చాడు. లాస్ వేగస్‌లో 1970 నుంచి జరుగుతున్న వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీని 1980లో, 1981లో వరుసగా గెలిచాడు. మాదకద్రవ్యాల్లో మునిగి ఏళ్లు పోగొట్టుకుని, 1997లో మళ్లీ వచ్చి మూడోసారి గెలిచాడు. ఆ గెలుపుతో వచ్చింది పది లక్షల డాలర్లు. కొద్ది నెలల్లో అది దాదాపుగా కరిగిపోయింది. 1998 నవంబరులో లాస్ వేగస్‌లోని ఒక మోటెల్ గదిలో, 45 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ మనిషిని నిందించడానికి ఇది చెప్పడం లేదు, వ్యసనం రోగం. కానీ బల్ల దగ్గర ఎదుటివాళ్ల ముఖాలను తెరిచిన పుస్తకంలా చదవగలిగిన చూపు ఒక్కసారి తన వైపు తిరగడానికి ఆ గెలుపులేవీ సాయపడలేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

2003లో టెనసీకి చెందిన క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంటు, ఇంటర్నెట్‌లో చిన్న మొత్తంతో ఆడి అర్హత సంపాదించి, అదే పోటీలో 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆ ఏడాది ప్రధాన పోటీలో పాల్గొన్నవాళ్లు 839 మంది. మరుసటి ఏడాది 2,576 మంది. ఒకడి గెలుపు చూస్తే చాలు, వెనక వేలమంది బయలుదేరతారు.

ఇక నలుడి దగ్గరికి వస్తాను. వనపర్వంలో బృహదశ్వ మహర్షి ధర్మరాజుకు చెప్పిన కథ. కలిపురుషుడు నలుణ్ని ఆవహించడానికి ఏళ్ల తరబడి కాచుకుని కూర్చున్నాడు. పన్నెండో ఏట ఒక సాయంత్రం కాళ్లు కడుక్కోకుండా సంధ్యకు కూర్చున్న చిన్న ఏమరుపాటులో దారి దొరికింది. తర్వాత పుష్కరుడితో జూదం, రాజ్యం పోవడం, అడవి, దమయంతిని విడవడం మీకు తెలిసినవే. బాహుకుడనే పేరుతో సారథిగా మారిన నలుడు ఋతుపర్ణ మహారాజును రథంలో తీసుకుపోతున్నాడు. దారిలో ఒక తాండ్ర చెట్టు. పాతకాలంలో పాచికలుగా వాడిన కాయలు ఆ చెట్టువే. ఋతుపర్ణుడు చెట్టును చూసి, ఈ రెండు కొమ్మల్లో అయిదు కోట్ల ఆకులు, 2,095 కాయలు ఉన్నాయి అంటాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, దిగి, లెక్కపెట్టి చూస్తాడు. సరిపోతుంది.

నా వృత్తి వల్ల ఈ ఘట్టం నాకు ప్రాణం. పాచికల విద్యనూ, చెట్టు కాయలను అంచనా వేసే గణితాన్నీ ఒకే విద్యగా చెప్పిన కథ అంత పాతకాలంలో మనకు ఉంది. ఋతుపర్ణుడు అక్షహృదయాన్ని, అంటే ఆ పాచికల విద్య రహస్యాన్ని, నలుడికి ఉపదేశిస్తాడు. ఆ విద్య అందిన క్షణంలోనే కలి అతని శరీరంలోంచి విషం కక్కుతూ బయటికి వస్తాడు. అదృష్టం ఎలా పనిచేస్తుందో తెలిసినవాడిలో కలికి చోటు లేదని నేను అర్థం చేసుకుంటాను. చెట్టు దగ్గర ఆగి లెక్కపెట్టడం నాకు ఇంకా నచ్చుతుంది. రాజు చెప్పాడు కదా అని ఊరుకోలేదు, తొందరలో ఉన్నాం కదా అనుకోలేదు. చివరికి పుష్కరుడితో మళ్లీ ఆడి అంతా గెలిచినప్పుడు, తమ్ముడి భాగం తమ్ముడికి ఇచ్చి మర్యాదగా పంపించాడు. గెలిచినప్పుడు అతను ఏం చేశాడో చూశారా? కలి నిజంగా పోయాడనడానికి అంతకు మించిన రుజువు నాకు అక్కరలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఏ గెలుపుకూ పొంగకుండా, ఏ ఓటమికీ కుంగకుండా ఆడేదే స్థితప్రజ్ఞ అయితే, యంత్రం మనకంటే ముందే అక్కడికి చేరింది కదా? 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవాళ్లు తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం పిట్స్‌బర్గ్‌లో నలుగురు మేటి ఆటగాళ్లతో 20 రోజులపాటు 1,20,000 ఆటలు ఆడి ఓడించింది. దానికి టిల్ట్ లేదు. నేను దాన్ని స్థితప్రజ్ఞుడు అనను. పోగొట్టుకోవడానికి ఏమీ లేనిదానికి సమత్వం ఒక సాధన ఎలా అవుతుంది? కోరిక ఉండి, భయం ఉండి, ఇంట్లో పిల్లల ఫీజు కట్టాల్సి ఉండి, అప్పుడు చేయి వణకకుండా సరైన పని చేసినవాడికే ఆ మాట వర్తిస్తుంది. అయినా ఆ యంత్రం పనిలో ఒకదాన్ని మాత్రం నేను గౌరవిస్తాను. పగలు ఆటగాళ్లు తన వ్యూహంలో ఎక్కడ లొసుగులు పట్టుకున్నారో అది రాత్రిపూట లెక్కించి సరిదిద్దుకునేది. ఆ రోజు గెలిచినా సరే.

పోకర్‌కూ సాధనకూ పోలిక ఎక్కడ తెగుతుందో కూడా చెప్పాలి, లేకపోతే మీకు అన్యాయం చేసినవాణ్నవుతాను. బల్ల మీద ఒకడు గెలిచిన ప్రతి రూపాయీ ఇంకొకడు పోగొట్టుకున్నదే. ఆట నడిపే క్లబ్బు ప్రతి ఆటలోంచీ కొంత తీసుకుంటుంది కాబట్టి, కూర్చున్నవాళ్లందరినీ కలిపి చూస్తే నష్టమే. నా గెలుపుకు ఎదుటివాడి ఏమరుపాటు కావాలి, అతను టిల్ట్‌లో పడితే నాకు లాభం. ఏ సాధనలోనూ అలా ఉండదు, నా పక్కన కూర్చుని జపం చేసే మనిషి మనసు చెదిరితే నాకు ఒరిగేదేమీ లేదు. దొంగ పందెం సంగతి, అంటే ముక్కలు లేకుండానే ఉన్నట్టు భయపెట్టడం, అసత్యమా అని కొందరు అడుగుతారు. అందరూ ఒప్పుకున్న నియమాల లోపల అది ఆటలో భాగమే అనుకుంటాను. ఎదుటివాడి పతనం నాకు లాభం కావడమే నన్ను ఎక్కువగా ఆపుతుంది. అందుకే ఈ ఆట మనసును చూపించగలదు కానీ దాన్ని కడగలేదని నా అభిప్రాయం.

నలోపాఖ్యానం ముగిసిన తర్వాత బృహదశ్వుడు ధర్మరాజుకు కూడా అక్షహృదయాన్ని ఉపదేశించాడు. ఆ విద్యతో ధర్మరాజు ఏం చేశాడన్నది చాలామంది పట్టించుకోరు. శకునిని మళ్లీ జూదానికి పిలవలేదు. అజ్ఞాతవాసంలో కంకుడనే పేరుతో విరాటరాజు కొలువులో చేరి, ఆ రాజుతో పాచికలాడుతూ ఏడాది గడిపాడు.

ఉత్తర గోగ్రహణం ముగిసి కొడుకు గెలిచాడన్న వార్త విరాటుడికి అందింది. రాజు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పాచికలు తెమ్మన్నాడు. అప్పుడు కంకుడు అన్నమాట ఇది: సంతోషంతో పొంగిపోతున్నవాడితో జూదమాడకూడదని పెద్దలు చెప్పగా విన్నాం, ఈ రోజు మీతో ఆడటానికి నాకు మనస్కరించడం లేదు. కోపంలో ఉన్నవాడితో అనలేదు, బాధలో ఉన్నవాడితో అనలేదు. రాజ్యాన్నీ తమ్ముళ్లనూ పోగొట్టుకుని, పన్నెండేళ్లు అడవుల్లో తిరిగి, ఆ బల్ల దగ్గర ప్రమాదం ఎటునుంచి వస్తుందో తెలుసుకున్న మనిషి మాట అది. విరాటుడు వినలేదు, ఆట మొదలైంది. గెలుపు బృహన్నలది అని కంకుడు అన్నందుకు రాజు పాచిక విసిరి ముఖాన కొట్టాడు. ముక్కునుంచి రక్తం కారింది. ధర్మరాజు దాన్ని నేల మీద పడనివ్వకుండా దోసిట పట్టాడు. ద్రౌపది పాత్ర తెచ్చి అందుకుంది. వాకిట ఉత్తరుడు, బృహన్నల వచ్చారని తెలిసినప్పుడు, ఉత్తరుణ్ని మాత్రమే లోపలికి పంపమని ద్వారపాలకుడికి చెవిలో చెప్పాడు. యుద్ధంలో కాక మరోచోట అన్న రక్తం చూస్తే ఆ మనిషిని చంపుతానని అర్జునుడి ప్రతిజ్ఞ. తనను కొట్టిన రాజు ప్రాణం కాపాడాలన్న ఆలోచన అతనికి ఆ క్షణంలోనే వచ్చింది. స్మృతి చెదరలేదు.

సభాపర్వంలో ద్రౌపదిని ఒడ్డిన మనిషే ఈయన. మధ్యలో గడిచింది పదమూడేళ్లు. ఆ పదమూడేళ్లలో ఏమి జరిగిందన్నదే మన చర్చ కావాలని నా కోరిక. మీ ప్రశ్నలు అడగండి.